ఏ చిక్కుకు ఏ బొమ్మ? సాఫ్ట్‌వేర్ ప్లాన్ చేసేటప్పుడు డయాగ్రమ్ ఎంచుకోవడం ఎలా

"అక్కా, దీనికి ఏ డయాగ్రమ్ గీయాలి?" డిజైన్ డాక్యుమెంట్ రాయమనగానే మా టీములోకి కొత్తగా వచ్చిన పిల్లలు అడిగే మొదటి మాట ఇదే. అనంతపురంలోనో, గుంటూరులోనో, కరీంనగర్‌లోనో బీటెక్ చేసి బెంగళూరు వచ్చినవాళ్ళు. సాఫ్ట్‌వేర్‌ని బొమ్మల్లో చూపే ప్రామాణిక గుర్తుల భాష యూఎంఎల్ చదివారు. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కి యూజ్ కేస్ నుంచి డిప్లాయ్‌మెంట్ దాకా పరీక్షల్లో అన్నీ గీశారు. అయినా నిజమైన పని చేతికొచ్చేసరికి అందరి చెయ్యీ ఫ్లోచార్టు మీదకే పోతుంది. లేదంటే నాలుగు డబ్బాలు గీసి మధ్యలో బాణాలు వేస్తారు. తప్పు వాళ్ళది కాదు. ఏ డయాగ్రమ్ ఎలా గీయాలో నేర్పారు గానీ ఎప్పుడు గీయాలో ఎవరూ చెప్పలేదు.

ఇన్నేళ్ళ పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ప్రతి డయాగ్రమూ ఎవరో ఒక చిక్కులో పడి, అందులోంచి బయటపడడానికి కనిపెట్టుకున్నదే. ఆ చిక్కేమిటో తెలిస్తే మన ముందున్న చిక్కుకి అది పనికొస్తుందో లేదో వెంటనే తెలిసిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎక్స్‌రే మంచిదా, రక్తపరీక్ష మంచిదా అని ఎవరూ అడగరు. ఎక్కడ నొప్పో చెబుతారు. డయాగ్రమ్ దగ్గరా అంతే. "ఇందులో నాకు ఏది తేలడం లేదు?" అన్నదానికి ఒక్క వాక్యం జవాబు రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే ఇంకా బొమ్మ గీసే వేళ కాలేదు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేనిది: పండగకి ఊరెళ్ళే బస్సు టికెట్. 2005 దీపావళికి ఇంటికి వెళ్దామంటే ఇక్కడ టికెట్ దొరకని ఫణీంద్ర సామ, మరుసటి ఏడు ఇద్దరు స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టిన సంగతి చాలామందికి తెలుసు. అలాంటి యాప్ ఒకటి మనమే కొత్తగా కడుతున్నాం అనుకుందాం. సంక్రాంతి పండగకి, భోగి ముందు రాత్రి, విజయవాడ వెళ్ళే స్లీపర్ బస్సు. మడివాళలో, మారతహళ్ళిలో, కేఆర్ పురంలో జనం ఎక్కుతారు. కిటికీ పక్క లోయర్ బెర్తు ఒక్కటే మిగిలింది. దాని మీద ఒకే నిమిషంలో నలుగురి వేళ్ళు పడ్డాయి.

ఫ్లోచార్టు ఎక్కడిదాకా వస్తుంది

ముందు ఫ్లోచార్టే గీద్దాం. సీటు ఎంచుకో. వివరాలు ఇవ్వు. డబ్బు కట్టు. డబ్బు వచ్చిందా? అవునంటే టికెట్ పంపు, కాదంటే మళ్ళీ కట్టమను. చూడడానికి బాగుంది. రివ్యూలో అందరూ తల ఊపుతారు. చిక్కంతా ఆ డైమండ్ డబ్బాలో ఉంది. దానికి రెండే దారులు: అవును, కాదు.

యూపీఐలో మూడో జవాబు ఉంది. ఇంకా తెలియదు. ప్రయాణికుడి ఖాతాలోంచి డబ్బు పోయింది, మనకి మాత్రం కబురు రాలేదు. ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు కాబట్టే రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి గడువులు పెట్టింది. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపులో డబ్బు పోయి, వ్యాపారి దగ్గర అది ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు తనంత తానే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున ఖాతాదారుకి పరిహారం ఇవ్వాలి. అంటే "తెలియదు" అన్నది అయిదు రోజులు బతకగల సంగతి. ఆలోపు మన ప్రయాణికుడు ఊరెళ్ళి, భోగి మంట వేసి, కనుమ కూడా చేసుకుని కేఆర్ పురంలో దిగిపోతాడు. అంతకాలం సాగే దాన్ని ఒక డైమండ్‌లో ఇరికించలేం.

ఫ్లోచార్టులో ఈ లోటు ఎందుకుందో దాని పుట్టుకలో కనిపిస్తుంది. 1921లో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ప్రాసెస్ చార్టు పెట్టారు. ఫ్యాక్టరీలో ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఏయే మెట్లు ఎక్కుతుందో, ఏ మెట్టు వృథానో పట్టుకోవడానికి అది. 1947లో గణిత శాస్త్రవేత్తలు గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ దాన్ని కంప్యూటర్ ప్రోగ్రాముల్లోకి తెచ్చారు. అప్పటి యంత్రం ఒక ఆజ్ఞ తర్వాత ఒకటిగా అమలుచేసేది. రెండుచోట్లా పని చేసేది ఒక్కరే, ఒక మెట్టు అయ్యాకే రెండోది. ఆ షరతు కుదిరినచోట ఫ్లోచార్టుని మించింది లేదు. టికెట్ రద్దయితే ఎంత తిరిగివ్వాలో లెక్క కట్టాలా? ఫ్లోచార్టు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఆన్‌కాల్‌లో (పిలిస్తే వెంటనే పలకాల్సిన డ్యూటీలో) ఉన్న అమ్మాయి ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి? అక్కడా ఫ్లోచార్టే.

మరీ పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఫ్లోచార్టు గీసినవాళ్ళు అందులోని ఒక్కో డబ్బానీ ఒక్కో మాడ్యూల్ (విడిగా రాసుకునే కోడ్ భాగం) చేసేస్తారు. సీటు మాడ్యూల్, వివరాల మాడ్యూల్, చెల్లింపు మాడ్యూల్. ఇలా విడగొట్టడం దాదాపు ఎప్పుడూ తప్పేనని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లోనే ఒక పేపర్లో చూపించాడు. పని జరిగే వరస ప్రకారం విడగొట్టకండి, రేపు మారే అవకాశం ఉన్న నిర్ణయాలు ఏవో చూసి ఒక్కోదాన్నీ ఒక్కో మాడ్యూల్ లోపల దాచండి అన్నాడు. మన యాప్‌లో రేపు మారేవి ఏవి? రీఫండు నియమాలు. ఒక్కో ట్రావెల్స్ వాళ్ళ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి. పేమెంట్ గేట్‌వే, అంటే మనకీ బ్యాంకుకీ మధ్య చెల్లింపు నడిపే సేవ. ఫ్లోచార్టులో ఈ మూడూ ఎక్కడా డబ్బాలుగా కనిపించవు, అన్ని డబ్బాల్లోనూ తలో ముక్క కలిసిపోయి ఉంటాయి. యాభై ఏళ్ళు దాటిన పేపరు, నేటికీ ప్రతి కొత్త టీమూ అదే పొరపాటుతో మొదలుపెట్టడం చూస్తుంటే బాధేస్తుంది.

ఎవరు ఎవరికి, ఎప్పుడు చెప్పారు

ఇప్పుడు తేలనిది ఇది: డబ్బు కట్టేలోపు సీటు చేజారితే ఏమిటి? ఇందులో పాత్రలు అయిదు. ప్రయాణికుడి ఫోన్, మన సర్వర్, ట్రావెల్స్ వాళ్ళ సర్వర్, పేమెంట్ గేట్‌వే, బ్యాంకు. ఎవరి గడియారం వాళ్ళది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి వెంటనే తెలియదు. ఇలాంటి చిక్కు మనకంటే ముందే ఎదుర్కొన్నవాళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ఇంజనీర్లు. ఒక ఎక్స్ఛేంజీ నుంచి ఇంకోదానికి వెళ్ళే సిగ్నళ్ళని నిలువు గీతల మధ్య అడ్డ బాణాలుగా గీసుకునేవారు. 1990ల మొదట్లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం జెడ్.120 పేరుతో దాన్ని ప్రమాణం చేసింది. యూఎంఎల్‌లో మనం చదివిన సీక్వెన్స్ డయాగ్రమ్‌కి అది దగ్గరి చుట్టం.

మన కథని గీసి చూడండి. సీటు పది నిమిషాలు పట్టి ఉంచమని ట్రావెల్స్ సర్వర్‌ని అడిగాం, సరేనంది. ప్రయాణికుడు తొమ్మిదో నిమిషం నలభయ్యో సెకనులో యూపీఐ పిన్ కొట్టాడు. పది నిమిషాలు నిండగానే అటువైపు సర్వర్ సీటు వదిలేసింది. పది నిమిషాల అయిదు సెకన్లకి అదే సీటు ఇంకొకరికి వెళ్ళిపోయింది. పది నిమిషాల ఇరవయ్యో సెకనుకి గేట్‌వే నుంచి మనకి "డబ్బు వచ్చింది" అన్న కబురు అందింది. మాటల్లో చెబితే ఇది అరుదైన దురదృష్టంలా వినిపిస్తుంది. బొమ్మలో పెడితే కారణం కళ్ళముందే ఉంటుంది: ప్రయాణికుడికి కనిపించే గడియారం మన దగ్గర ఉంది, సీటు వదిలే గడియారం వాళ్ళ దగ్గర ఉంది, డబ్బు కదలడానికి పట్టే సమయం ఇద్దరి లెక్కలోనూ లేదు. పరిష్కారం కూడా అక్కడే దొరుకుతుంది. వాళ్ళు పది నిమిషాలు ఇస్తే మనం తెర మీద ఎనిమిదే చూపించాలి, అది దాటాక చెల్లింపు మొదలుపెట్టనివ్వకూడదు.

సీక్వెన్స్ డయాగ్రమ్ గీశాక ఊరికే చూసి పక్కన పెట్టొద్దు. ఒక్కో బాణం మీద వేలు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఇది రాకపోతే? ఆలస్యంగా వస్తే? రెండుసార్లు వస్తే? మూడోది చాలామంది మర్చిపోతారు. మన సర్వర్ జవాబివ్వడం ఆలస్యమైతే గేట్‌వే అదే కబురు మళ్ళీ పంపుతుంది. ఆర్డర్ నంబరు చూసి "ఇది ఇదివరకే చేశాం" అని గుర్తుపట్టే ఏర్పాటు లేకపోతే ఒకే చెల్లింపుకి రెండు టికెట్లు పుడతాయి.

దీని హద్దు కూడా చెప్పాలి. ఒక సీక్వెన్స్ డయాగ్రమ్ ఒక్క కథే చెప్పగలదు. "ఇలా అయితే ఈ డబ్బా, అలా అయితే ఆ డబ్బా" అంటూ యూఎంఎల్ ఇచ్చిన ప్రత్యామ్నాయాల చట్రాలన్నీ ఒకే బొమ్మలో దూర్చితే చదివేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. రెండుకి మించి మలుపులొచ్చాయంటే మనకి తేలనిది సంభాషణ కాదు, ఇంకేదో. అక్కడ బొమ్మ మార్చాలి.

బుకింగ్ బతుకు మొత్తం ఒకచోట

నేను అందరికంటే ఎక్కువగా వెనకేసుకొచ్చేది స్టేట్ డయాగ్రమ్‌ని. ఒక వస్తువు ఏయే స్థితుల్లో ఉండగలదో, ఏం జరిగితే ఒక స్థితి నుంచి ఇంకోదానికి మారుతుందో చూపే బొమ్మ అది. టీముల్లో దీన్ని గీసేవాళ్ళు తక్కువ, కాపాడేది మాత్రం ఇదే ఎక్కువ.

1980ల మొదట్లో ఇజ్రాయెల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇండస్ట్రీస్ లావీ అనే యుద్ధవిమానం తయారీలో ఉంది. దాని ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్) ఇంజనీర్లకి సలహా ఇవ్వడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్ వెళ్ళాడు. వాళ్ళ దగ్గర మందపాటి డాక్యుమెంట్లు ఉన్నాయి, తమ విషయంలో ఆరితేరిన మనుషులున్నారు. కానీ ఫలానా పరిస్థితిలో ఫలానా బటన్ నొక్కితే ఏమవుతుందంటే జవాబు ఒకచోట దొరికేది కాదు. ఆ చిక్కులోంచి ఆయన స్టేట్‌చార్టులు తయారుచేసి 1987లో ప్రచురించాడు. స్థితులూ, వాటి మధ్య బాణాలూ ఉన్న స్టేట్ మెషీన్లు అంతకుముందే ఉన్నాయి. హారెల్ కలిపింది ముఖ్యంగా రెండు: ఒక స్థితి లోపల చిన్న స్థితులు ఉండొచ్చు, కొన్ని స్థితులు పక్కపక్కనే ఒకేసారి నడవొచ్చు. యూఎంఎల్ తర్వాత దాన్నే తీసుకుంది.

ఆ రెండోది మన యాప్‌కి ఎంత అవసరమో చూడండి. సీటుకి ఒక బతుకుంది: ఖాళీ, పట్టి ఉంచింది, అమ్ముడైంది. చెల్లింపుకి ఇంకో బతుకుంది: మొదలైంది, తేలలేదు, వచ్చింది, విఫలమైంది, వెనక్కి పంపాం. బుకింగ్‌కి తనదైన మూడో బతుకు. ఈ మూడింటినీ స్టేటస్ అనే ఒకే కాలమ్‌లో కుక్కిన డేటాబేసులు ఎన్నో ఉంటాయి. "డబ్బు వచ్చింది సీటు పోయింది", "డబ్బు రాలేదు సీటు ఉంది" లాంటి విలువలు ఒక్కోటీ ఒక్కో బగ్ తర్వాత చేరుతూ పోతాయి. లెక్క తేలిక కోసం మూడు వస్తువులకీ అయిదేసి స్థితులు అనుకుంటే, కలగలిపితే 125 కలయికలు. విడివిడిగా గీస్తే 15. అంతే తేడా, కానీ టీము మనశ్శాంతి మొత్తం ఆ తేడాలోనే ఉంది.

బొమ్మ గీశాక ఇంకో పని చేయమంటాను. దాన్ని పట్టికగా తిప్పండి. బుకింగ్‌కి అయిదు స్థితులు: సీటు పట్టి ఉంచాం, చెల్లింపు కోసం చూస్తున్నాం, ఖరారైంది, గడువు తీరింది, రద్దైంది. జరగగలిగేవి ఆరు: డబ్బు వచ్చింది, డబ్బు విఫలమైంది, గడువు నిండింది, ప్రయాణికుడు రద్దు చేశాడు, ట్రావెల్స్ వాళ్ళు బస్సే రద్దు చేశారు, వచ్చిన కబురే మళ్ళీ వచ్చింది. స్థితులు నిలువుగా, సంఘటనలు అడ్డంగా. మొత్తం 30 గళ్ళు. బొమ్మలో మీరు గీసిన బాణాలు పదో పన్నెండో ఉంటాయి. మిగతా గళ్ళన్నీ ఎవరూ ఆలోచించని చోట్లు. కొన్నింటిలో "ఏమీ చేయొద్దు" అని రాస్తారు, అదీ నిర్ణయమే. కొన్నింటి దగ్గర పెన్ను ఆగిపోతుంది.

పెన్ను ఆగిపోయిన గడి ఒకటి చెబుతాను. "రద్దైంది" వరసలో "బస్సు రద్దు" గడి. ప్రయాణికుడు పొద్దున టికెట్ రద్దు చేసుకున్నాడు, నియమం ప్రకారం సగం డబ్బు కోత పడింది. సాయంత్రం ట్రావెల్స్ వాళ్ళు ఆ బస్సే నడపడం లేదన్నారు. రద్దు చేసుకోకుండా ఉన్నవాళ్ళందరికీ పూర్తి డబ్బు వెళుతుంది. పొద్దున రద్దు చేసుకున్నాయనకి ఆ సగం తిరిగివ్వాలా వద్దా? ఇది ప్రోగ్రామర్ తేల్చగలిగేది కాదు. కలాసిపాళ్యంలో ఒక ట్రావెల్స్ ఆఫీసు మేనేజరుగారి ముందు ఇలాంటి పట్టికనే తెలుగులో రాసి కాగితం పరిచాను. నెల్లూరాయన. యూఎంఎల్ పేరు కూడా విని ఉండరు. ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు ఆలోచించి, "ఆయన క్యాన్సిల్ చేసుకున్నాక మాకు సంబంధం లేదు మేడం. కాకపోతే బస్సు పోదని మాకు పొద్దున్నే తెలిసుంటే మటుకు మొత్తం ఇచ్చేయాల" అన్నారు. ఆ ఒక్క మాటతో మా డిజైన్‌లో లేని విషయం ఒకటి బయటపడింది. బస్సు రద్దైన సమయం ఒకటే దాస్తే చాలదు, రద్దు చేయాలని వాళ్ళు నిర్ణయించుకున్న సమయం కూడా నమోదు కావాలి. ఏ సీక్వెన్స్ డయాగ్రమూ, ఏ ఫ్లోచార్టూ ఈ ప్రశ్నని అడగవు. ఖాళీ గడి అడుగుతుంది.

ఒకదానికి ఎన్ని

ప్రవర్తన తప్పుగా రాస్తే కోడ్ మార్చుకోవచ్చు. డేటా ఆకారం తప్పితే లక్షల టికెట్లు పాత ఆకారంలో పేరుకున్నాక మార్చాలి, అదీ యాప్ నడుస్తుండగానే. అందుకే కొత్త సిస్టమ్ అయితే నేను అన్నిటికంటే ముందు ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) డయాగ్రమ్ అడుగుతాను, అంటే డేటాలోని వస్తువులూ వాటి మధ్య సంబంధాలూ చూపే బొమ్మ. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ చెన్ 1976లో దీన్ని ప్రతిపాదించేనాటికి డేటాని నెట్‌వర్క్‌గా చూడాలా, రిలేషనల్ పట్టికలుగా చూడాలా అని వాదులాట నడుస్తోంది. ఆయన ఒక మెట్టు వెనక్కి జరిగి, ముందు మీ లోకంలో ఏయే వస్తువులున్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి, అది తేల్చుకోండి అన్నాడు.

మన లోకంలో "బస్సు" అని ఒక డబ్బా గీశామనుకోండి. ఏ బస్సు? రోజూ రాత్రి పదింటికి విజయవాడకి బయల్దేరే సర్వీసా? జనవరి 12న బయల్దేరే ట్రిప్పా? ఆ రోజు నిజంగా వచ్చి నిలబడే, రిజిస్ట్రేషన్ నంబరున్న వాహనమా? మూడూ వేరు. సీటు వీటిలో దేనిది? వాహనానిదైతే, ఆ రోజు బండి చెడి 2+1 స్లీపర్ బదులు సీటర్ వస్తే అమ్మిన టికెట్లన్నీ గాల్లో వేలాడతాయి. సీటు ట్రిప్పుది కావాలి, వాహనం ట్రిప్పుకి తగిలించేది కావాలి. ఒక గీత ఎక్కడ కలుస్తుందన్నదే ఇక్కడ మొత్తం నిర్ణయం.

ఇంకో గీత చూడండి. హైదరాబాద్ బస్సులో ఒకాయన కర్నూలులో దిగిపోతాడు. అక్కణ్ణుంచి హైదరాబాద్ దాకా ఆ బెర్తు ఖాళీ. దాన్ని కర్నూలులో ఎక్కేవాళ్ళకి అమ్మొచ్చా? అమ్మొచ్చంటే టికెట్‌కి, సీటుకి మధ్య ఒకటికి ఒకటి సంబంధం కుదరదు. ఒక సీటుని ఒక ట్రిప్పులో దారి ముక్కలవారీగా పలువురికి ఇవ్వొచ్చు. ఈ ఒక్క మార్పు ధర, రద్దు, సీట్ల పటం అన్నిటినీ కదుపుతుంది. ఇప్పుడు అక్కర్లేదనుకున్నా సరే, అక్కర్లేదని తెలిసి వదిలేయాలి, తెలియక కాదు.

తేదీ సంగతి అందరినీ ఇబ్బంది పెట్టేదే. రాత్రి 11:15కి మడివాళలో బయల్దేరిన బస్సు కేఆర్ పురం చేరేసరికి పన్నెండు దాటుతుంది. ట్రిప్పు 12వ తేదీది, ఆయన ఎక్కేది 13న. తేదీ కాలమ్ ట్రిప్పు టేబుల్‌లో ఒక్కచోటే ఉంటే ఆ ప్రయాణికుడికి తప్పు రోజు మెసేజ్ వెళుతుంది, ఒక రాత్రంతా రోడ్డు పక్కన నిలబడతాడు. ఎక్కే చోటు, ట్రిప్పు కలిసేచోట తేదీ, సమయం రెండూ ఉండాలి. ఈఆర్ డయాగ్రమ్ గీస్తూ "ఒక ట్రిప్పుకి తేదీలు ఎన్ని?" అని అడిగితే నిమిషంలో తేలిపోయే సంగతి ఇది.

కోడ్‌లోని క్లాసులూ వాటి మధ్య సంబంధాలూ చూపే క్లాస్ డయాగ్రమ్ దీనికి తోబుట్టువు. పైన పార్నస్ చెప్పిన దాపరికం ఎవరి లోపల ఎంతుందో చూడాలంటే పనికొస్తుంది, అదీ నాలుగైదు క్లాసుల మేరకే. మొత్తం కోడ్‌ని క్లాస్ డయాగ్రమ్‌గా గీసి గోడకి తగిలించడం వల్ల ఎవరికీ మేలు జరగడం నేను చూడలేదు. కోడ్ నుంచి టూలే తీసివ్వగలిగేదాన్ని చేత్తో గీయక్కర్లేదు.

డబ్బాలూ బాణాలూ

డిజైన్ డాక్యుమెంట్లలో ఎక్కువగా కనిపించేది ఏ పేరూ లేని బొమ్మ: డబ్బాలు, బాణాలు. "బుకింగ్" నుంచి "పేమెంట్"కి ఒక బాణం. దానర్థం ఏమిటి? బుకింగ్ పేమెంట్‌ని పిలుస్తుందా? డబ్బు వివరాలు అటు వెళుతున్నాయా? పేమెంట్ లేకపోతే బుకింగ్ బిల్డ్ కాదా? లేక బుకింగ్ అయ్యాకే పేమెంట్ మొదలవుతుందా? నాలుగూ నాలుగు వేరు విషయాలు, కొన్నిసార్లు దిశ కూడా తిరగబడుతుంది. ఒకే బొమ్మలో ఒక బాణం పిలుపు, ఇంకోటి డేటా అయితే మీటింగ్‌లో ఆరుగురు ఆరు సిస్టమ్‌లు ఊహించుకుని ఒకే సిస్టమ్‌కి సరేనంటారు. కాబట్టి బాణం మీద ఒక క్రియ రాయండి. క్రియ దొరకని బాణాన్ని తీసేయండి.

ఈ పేరులేని బొమ్మలకి ఒక పద్ధతి తెచ్చింది సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ నిపుణుడు సైమన్ బ్రౌన్ చెప్పిన సీ4 మోడల్. నాలుగు అంతస్తులు: చుట్టూ ఎవరున్నారు, లోపల విడివిడిగా నడిచే ముక్కలేవి, ఒక్కో ముక్కలో భాగాలేవి, చివరికి కోడ్. మొదటి రెండు చాలు, చాలాసార్లు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు ఇవ్వాల్సింది ఇవే. ఒక అంతస్తులో ఉండి ఇంకో అంతస్తు వివరాలు కలపకూడదన్న క్రమశిక్షణే దాని బలం.

సమాచారం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చూపే డేటా ఫ్లో డయాగ్రమ్ 1970లలో పుట్టి, పాతబడిందని పక్కన పెట్టేసినది. దాన్ని మళ్ళీ బయటికి తీయాల్సిన రోజులివి. ప్రయాణికుడి పేరు, వయసు, ఫోన్ నంబరు మన నుంచి ట్రావెల్స్ వాళ్ళకి, అక్కణ్ణుంచి డ్రైవరు చేతి చార్టుకి, ఎస్సెమ్మెస్ పంపే కంపెనీకి, అనలిటిక్స్‌కి వెళతాయి. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చాక ఏ సమాచారం ఎందుకు ఎవరికి ఇచ్చారన్నది జవాబు చెప్పుకోవాల్సిన విషయం. డేటా ఎక్కడ మన చెయ్యి దాటుతుందో అక్కడ ఒక చుక్కల గీత గీసి, ఆ గీత దాటే ప్రతి బాణాన్నీ ప్రశ్నించండి. భద్రతా నిపుణులు ముప్పుల లెక్క తీసేది కూడా ఇలాంటి బొమ్మల మీదే.

కొన్ని చోట్ల అసలు బొమ్మే వద్దు. పక్క సీటులో మహిళ ఉంటే ఈ సీటు మహిళకే ఇవ్వాలన్న నియమం తీసుకోండి. పక్క సీటు అమ్ముడైందా, అందులో ఉన్నది మహిళా, ఇప్పుడు అడుగుతున్నది మహిళా, ఇద్దరిదీ ఒకే బుకింగా: నాలుగు ప్రశ్నలు, 16 కలయికలు. ఫ్లోచార్టు వేస్తే చెట్టులా కొమ్మలేస్తుంది, ఏ కొమ్మ వదిలేశామో తెలియదు. పట్టికలో 16 వరసలు రాసి, జరగనివి కొట్టేసి, మిగిలినవి నింపితే ట్రావెల్స్ వాళ్ళు కూడా చదివి సంతకం పెట్టగలరు.

యూఎంఎల్ తాజా రూపంలో డయాగ్రమ్‌లు 14 రకాలు. బూచ్, రంబా, జేకబ్‌సన్ అనే డిజైన్ నిపుణులు ముగ్గురూ ఎవరి గుర్తులు వాళ్ళు వాడే రోజుల్లో అందరికీ ఒకే లిపి ఉండాలన్న తపనతో మొదలై, 1997లో ప్రమాణమైంది. ఆ 14లో సగం పేర్లు గుర్తులేవని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. యూజ్ కేస్ గుండ్రాలు (సిస్టమ్‌తో ఎవరు ఏ పని చేస్తారో చూపేవి) గీయడం కంటే అవే వాక్యాలుగా రాయడం మేలని నా అభిప్రాయం. డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్ ఏ సర్వర్ ఏ రీజియన్‌లో అన్నది తేలనప్పుడు గీయండి, తేలినప్పుడు కాన్ఫిగరేషన్ ఫైలే చాలు.

గీసినవన్నీ దాచుకోవాల్సినవి కావు. సీక్వెన్స్ డయాగ్రమ్ నాకు వైట్‌బోర్డు మీద బతికేది: ప్రశ్న తేలాక ఫోటో తీసి డాక్యుమెంట్‌లో ఆ నిర్ణయం పక్కన పెడతాను, తర్వాత దాన్ని తాజాగా ఉంచాలని ప్రయత్నించను. ఈఆర్ డయాగ్రమ్‌ని డేటాబేస్ స్కీమా నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయొచ్చు. చేత్తో కాపాడుకోవాల్సినవి రెండే, సీ4 మొదటి అంతస్తు బొమ్మ, స్టేట్ డయాగ్రమ్. వీటిని బొమ్మల టూల్‌లో కాకుండా అక్షరాల నుంచి బొమ్మ తీసే ప్లాంట్‌యూఎంఎల్‌లోనో మెర్మెయిడ్‌లోనో అక్షరాలుగా రాసి కోడ్ పక్కనే పెట్టండి. 2022 నుంచి, కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ మెర్మెయిడ్‌ని నేరుగా బొమ్మగా చూపిస్తోంది కాబట్టి రివ్యూ చేసేవాళ్ళు వేరే చోటికి వెళ్ళక్కర్లేదు. స్టేట్ డయాగ్రమ్‌లోని పేర్లూ, కోడ్‌లోని పేర్లూ, కస్టమర్ కేర్ తెర మీద కనిపించే పేర్లూ ఒక్కటే కావాలి. ఆ 30 గళ్ళూ 30 టెస్టులు కావాలి. మా టీములో బుకింగ్‌కి కొత్త స్థితి కలిపే పుల్ రిక్వెస్టులో (కోడ్ మార్పు కలపమని పంపే విన్నపంలో) డయాగ్రమ్ ఫైలు కూడా మారి ఉండాలి. మారకపోతే కోడ్ ఎంత బాగున్నా అది అసలు కోడ్‌లో మెర్జ్ కాదు.